పండు మానొద్దు, అన్నం లెక్క మార్చండి

(ఏలూరులో పింఛనుదారుల సమావేశంలో ఒక డైటీషియన్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో కూడా హాలు నిండిపోయింది, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లకు కుర్చీలు వేయమని చెప్పాను, వస్తున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు కూర్చోండి.

ఏప్రిల్ వచ్చిందంటే నా గదిలోకి వచ్చే ప్రతి షుగర్ పేషెంటూ ఒకటే ప్రశ్న అడుగుతారు. "అమ్మా, ఒక్క మామిడిపండు తినొచ్చా?" మామూలుగా గట్టిగా మాట్లాడేవాళ్లు కూడా ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. పక్కన కూర్చున్న భార్యో కూతురో వెంటనే అందుకుంటారు, "వద్దని చెప్పండి మేడమ్, మా మాట వినడం లేదు" అని. నేను అవుననీ చెప్పను, వద్దనీ చెప్పను. "మధ్యాహ్నం అన్నం ఎంత తింటారు?" అని అడుగుతాను. "అబ్బే, ఎక్కువేం తిననండి, మామూలుగానే" అంటారు. ఆ "మామూలుగానే" అన్నది ఎంతో ఇవాళ మీ ముందే తూకం వేసి చూపిద్దామని, ఇదిగో, మా ఇంట్లో వంటకు వాడే చిన్న త్రాసు తెచ్చాను.

ఇది బంగినపల్లి. పొద్దున్నే మార్కెట్లో కొన్నాను. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. త్రాసు మీద పెడుతున్నాను, అంకె కనబడుతోందా? 410 గ్రాములు. ఇప్పుడు చెక్కు తీసి, ముక్కలు కోసి, టెంక పక్కన పెడుతున్నాను. టెంకను చీకే అలవాటు నాకూ ఉంది, లెక్క సరిగ్గా రావాలంటే దాని మీదున్న గుజ్జు కూడా గీకి ఇందులో వేయాలి. అయింది. టెంక, చెక్కు కలిపి 130 గ్రాములు. తినే భాగం 280.

మామిడి గుజ్జు 100 గ్రాముల్లో సుమారు 15 గ్రాముల కార్బోహైడ్రేట్, అంటే ఒంట్లో చక్కెరగా మారే పదార్థం, ఉంటుంది. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, మనం 15 అనే అనుకుందాం. అంటే ఈ మొత్తం పండు తింటే 42 గ్రాములు. ఆ అంకె గుర్తుంచుకోండి.

ఇప్పుడు అన్నం. ఇది మన ఇళ్లలో వడ్డించే హస్తమే. ఒకసారి తీసి గిన్నెలో వేస్తున్నాను. 110 గ్రాములు. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా కార్బోహైడ్రేట్ ఉంటుంది. ఒక హస్తానికి 30 అనుకోండి. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి. "మామూలుగా" తినే భోజనం అంటే ఇదే కదా? మూడు హస్తాలు, 90 గ్రాములు. పులుసుకు ఇంకొంచెం కలిపేవాళ్ల లెక్క వేరు.

ఇప్పుడు మన అలవాటు చూడండి. పెరుగన్నంలోకి మామిడిపండు నంజుకుంటాం. మన కృష్ణా, గోదావరి జిల్లాల్లో వేసవి భోజనం అది లేకుండా పూర్తి కాదు. 90 గ్రాముల అన్నం మీద 42 గ్రాముల మామిడి. రెండు గంటలాగి పరీక్ష చేస్తే మీటర్లో 280 కనబడుతుంది. నింద ఎవరి మీద పడుతుంది? మామిడి మీద. అన్నాన్ని ఎవరూ ఒక్క మాట అనరు. నెలనెలా రిపోర్టు చూసి మామిడి మానేశాం, అరటి మానేశాం, సపోటా మానేశాం అని చెప్పేవాళ్లలో చాలామంది అన్నం మాత్రం ఒక్క మెతుకు కూడా తగ్గించరు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే: పండు తినొచ్చా అని అడిగే ముందు, దేనికి బదులు తింటున్నారో చూసుకోండి.

సగం హస్తం అన్నం వెనక్కి పెట్టేయండి. దాని చోట 100 గ్రాముల మామిడి ముక్కలు తినండి. అదిగో, ఈ చిన్న గిన్నెలో వేశాను, దాన్ని ముందు వరస నుంచి వెనక దాకా పంపించండి, అందరూ చూడాలి. ఇంతే. రసం మామిడి అయితే రసంతో కలిపి లెక్కేసుకోవాలి, చిన్నరసం చిన్న పండైతే ఒకటి, పెద్దరసమైతే సగం. రోజుకు ఒక పూట. నూజివీడు నుంచి బుట్ట వచ్చింది, పాడైపోతాయని ఇంటిల్లిపాదీ పొద్దునా సాయంత్రం తినేయడం మాత్రం షుగర్ ఉన్న మనిషికి కుదరదు. పక్కింటివాళ్లకు నాలుగు పంచండి.

ఇది నేను నోటికొచ్చిన లెక్క చెప్పడం లేదు. 2025లో ఢిల్లీలో షుగర్ ఉన్నవాళ్ల మీద ఒక అధ్యయనం జరిగింది. కొంతమందికి ఎనిమిది వారాల పాటు పొద్దున టిఫిన్లో తెల్ల బ్రెడ్డుకు బదులు 250 గ్రాముల మామిడిపండు ఇచ్చారు. క్యాలరీలు సమానంగా ఉండేలా చూశారు. షుగర్ పెరగలేదు సరికదా, కొంత మెరుగైంది కూడా. పేపర్లో ఈ వార్త చూసి ఎంతమంది మామిడిపళ్లు కొన్నారో నాకు తెలుసు! ఆ వార్తలో "బ్రెడ్డుకు బదులు" అన్న మాట దగ్గర ఆగారా? అదీ చిన్న అధ్యయనం, నిపుణుల పర్యవేక్షణలో, లెక్కగా పెట్టింది. ఇడ్లీలు నాలుగు తిని, పైన మామిడిపండు తింటే ఆ ఫలితం రాదు.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్‌తో ఉన్నారని ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, పెద్ద సర్వే లెక్క తేల్చింది, 2023లో అచ్చయింది. ఇంతమందికి పళ్లు పూర్తిగా నిషేధం అంటే, అది ఆరోగ్యానికి మంచి చేసే మాట కాదు. చైనాలో దాదాపు 5 లక్షల మందిని సగటున ఏడేళ్లు గమనించి, 2017లో ఫలితాలు చెప్పారు. అందులో అప్పటికే షుగర్ ఉండి, వారంలో మూడు రోజులకు మించి తాజా పళ్లు తినేవాళ్లలో, దాదాపుగా తిననివాళ్లతో పోలిస్తే మరణాలు 17 శాతం తక్కువ. కళ్లు, మూత్రపిండాలు, గుండె రక్తనాళాలకు వచ్చే ఇబ్బందులు కూడా తక్కువే. పళ్లు తినేవాళ్లకు మంచి అలవాట్లు ఇంకా ఉండి ఉండవచ్చు, కాబట్టి ఘనతంతా పండుకే కట్టబెట్టను. కానీ భయపడి మానేయాల్సినంత హాని ఉంటే అది ఆ 5 లక్షల మందిలో ఎక్కడో బయటపడి ఉండేది కదా.

అయితే పండు అంటే పండే. నమిలి తినేది. జ్యూస్ గురించి నేను గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి.

ఆసుపత్రిలో ఎవరైనా ఉంటే మనం ఏం పట్టుకెళ్తాం? ఆపిల్స్, బత్తాయిలు. ప్రేమతోనే తెస్తారు. మంచం కింద సంచులు నిండిపోతాయి. సాయంత్రానికి ఇంటివాళ్లు బత్తాయిలు పిండి గ్లాసు నింపి "నీరసంగా ఉన్నావు, తాగు" అంటారు. గ్లాసు నిండాలంటే మూడో నాలుగో కాయలు కావాలి. ఆ మూడు బత్తాయిలూ తొనలు ఒలిచి తినమనండి, ఒకటిన్నర తినేసరికి చాలంటారు. నమలాలి, పీచు పొట్టలోకి వెళ్లాలి, అక్కడ అది నెమ్మదిగా కరగాలి. ఆ ఆలస్యమే మనకు రక్షణ. జ్యూస్ అంటే చెరువు గండి కొట్టినట్టే, ఉన్న చక్కెరంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. వడకట్టి పీచు పారేసి, చక్కెర మాత్రం మిగుల్చుకుని తాగుతున్నాం. అమెరికాలో 1,87,000 మందికి పైగా ఆరోగ్య రంగ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన 2013లో వచ్చింది. ద్రాక్ష, ఆపిల్ లాంటివి పండుగా తిన్నవాళ్లకు షుగర్ వచ్చే ముప్పు తక్కువగానూ, పళ్లరసాలు తాగేవాళ్లకు ఎక్కువగానూ కనబడింది. ఒకే చెట్టు కాయ, తినే పద్ధతి వేరు. మిక్సీలో వేసి పాలు పోసిన షేక్ సంగతి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. "చక్కెర వేయకుండా తాగుతున్నానండి" అంటారు, పండులో ఉన్నది చక్కెరే కదమ్మా.

మామిడి తాండ్ర కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఆత్రేయపురం తాండ్ర ఇష్టం లేనివాళ్లెవరు? కానీ అది ఎండబెట్టి చిక్కబరిచిన రసం, అందులో చక్కెరో బెల్లమో కలుస్తుంది. పండు కింద లెక్కేయొద్దు, మిఠాయి కింద లెక్కేయండి. ఖర్జూరం ఇంకొకటి. "షుగర్ ఉన్నవాళ్లకు ఖర్జూరం మంచిదటగా" అని వాట్సాప్‌లో చదివి వస్తారు. మామూలు ఎండు ఖర్జూరం చిన్నది ఒకటి తింటే 6 గ్రాముల కార్బోహైడ్రేట్. అవి రెండు తింటే ఇందాక 100 గ్రాముల మామిడికి వేసుకున్న 15 గ్రాముల కోటాలో చాలా భాగం అయిపోయినట్టే. కిస్‌మిస్‌లో నూటికి డెబ్భై పైచిలుకు పాళ్లు కార్బోహైడ్రేటే. గుప్పెడు తింటున్నామని ఎవరికీ అనిపించదు, అదే వాటితో చిక్కు.

(సభలో ఒకరు: పుచ్చకాయలో గ్లైసిమిక్ ఇండెక్స్ ఎక్కువని మా అబ్బాయి చెప్పాడమ్మా.)

మీ అబ్బాయి చెప్పింది నిజమేనండి. సగమే చెప్పాడు. ఈ గ్లైసిమిక్ ఇండెక్స్ అన్నది 1981లో కెనడాలో డేవిడ్ జెంకిన్స్, ఆయన తోటి శాస్త్రవేత్తలు తెచ్చిన కొలత. ఒక పదార్థంలోని కార్బోహైడ్రేట్ ఎంత వేగంగా రక్తంలో చక్కెర పెంచుతుందో చెబుతుంది. వేగం మాత్రమే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. చాలా పట్టికల్లో పుచ్చకాయ 70 దాటి ఉంటుంది, మామిడి 50 చుట్టుపక్కల ఉంటుంది. అది చూసి పుచ్చకాయ మానేసి మామిడి పట్టుకుంటే పొరపాటు. పుచ్చకాయలో అధిక భాగం నీరు, 100 గ్రాముల్లో 7, 8 గ్రాములే కార్బోహైడ్రేట్, మామిడిలో సగం. చిన్న గిన్నెడు ముక్కలకు ఏమీ కాదు. కానీ ఎండలో ఇంటికొచ్చి పుచ్చకాయను ఎవరు 100 గ్రాములు తింటారు? పెద్ద ముక్క కోసుకుని గింజలు ఊసుకుంటూ తింటాం. అరకిలో తిన్నామంటే ఈ బంగినపల్లి మొత్తం తిన్నదానికి దగ్గరగా వచ్చేసినట్టే. అందుకని పట్టిక చూడండి, కానీ ముందు గిన్నె చూడండి.

పైగా ఆ అంకెలు పండును ఒంటరిగా, పరగడుపున తిన్నప్పటివి. గుప్పెడు వేయించిన పల్లీలతోనో, కప్పు పెరుగుతోనో తింటే వేగం తగ్గుతుంది. నేను చాలామందికి సాయంత్రం నాలుగు, అయిదు గంటల మధ్య పండు పెట్టుకోమంటాను. ఆ టైములో మనవాళ్లు తినేదేంటి? బిస్కట్లు, మిక్చరు, పకోడీ. వాటి చోట ఒక జామకాయ, పది పల్లీలు. బిస్కట్లూ తిని జామకాయా తిన్నారంటే మళ్లీ మొదటికొస్తాం.

జామకాయ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఊళ్లో దీన్నంత తక్కువగా చూసే పండు ఇంకోటి లేదు. పెరట్లో కాసి రాలిపోతుంటే తొక్కుకుంటూ వెళ్లి కిలో రెండొందలు పెట్టి ఆపిల్ కొంటాం. జామలో పీచు 100 గ్రాములకు 5 గ్రాముల దాకా ఉంటుంది, ఆపిల్‌కు రెట్టింపు. సి విటమిన్ బత్తాయి, నారింజల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దోరగా ఉన్నప్పుడు చెక్కుతో సహా, కడిగి, కొరికి తినండి. పళ్ల సెట్టు పెట్టుకున్నవాళ్లు సన్నగా తరుక్కోండి. బండి మీద అమ్మేవాళ్లు చీల్చి ఉప్పూ కారం దట్టించి ఇస్తారు, బీపీ ఉన్నవాళ్లు ఉప్పు వద్దని ముందే చెప్పండి. ఇక్కడున్నవాళ్లలో షుగరూ బీపీ రెండూ ఉన్నవాళ్లే ఎక్కువని నాకు తెలుసు.

బొప్పాయి, కర్బూజా, దోర జామ, బత్తాయి తొనలు, తాటి ముంజలు, నేరేడు ఇవన్నీ ధైర్యంగా తినదగినవి, చిన్న గిన్నెడు. ముంజలు తినేటప్పుడు లేతవి చూసి తినండి, పైన ఆ పల్చటి పొర తీయకుండా తింటే ఇంకా మంచిది. జాగ్రత్త ఎక్కువ కావలసినవి సీతాఫలం, సపోటా, పనస, అరటి. వీటిలో 100 గ్రాములకు కార్బోహైడ్రేట్ 20 గ్రాములు, ఆ పైన. మానేయమనడం లేదు. సీతాఫలం చిన్నది సగం, పనస తొనలు రెండు మూడు, సపోటా చిన్నది ఒకటి. చక్కెరకేళి బారెడుంటుంది, అందులో సగమే మీది. అరటిపండు బాగా మగ్గి చుక్కలు పడ్డాక అందులోని పిండి చాలావరకు చక్కెరగా మారిపోతుంది, కాస్త గట్టిగా ఉన్నప్పుడే తినండి.

తియ్యదనాన్ని నాలుకతో కొలవకండి. పుల్లగా ఉన్న అనాసలో కూడా చక్కెర ఉంటుంది, పులుపు దాన్ని కనబడనివ్వదు. అలాగే నేరేడు. నేరేడు గింజల పొడి వేసుకుంటే షుగర్ పోతుందని మాత్రలు మానేసినవాళ్లను నేను చూశాను. నేరేడు పండు తినండి, హాయిగా. మాత్ర మాత్రం డాక్టరు చెప్పేదాకా మానొద్దు. మానేసి నెలన్నర తర్వాత కాలి పుండుతో వచ్చిన ఒక తల్లిని చూశాక, ఈ మాట ఎక్కడికెళ్లినా చెబుతున్నాను.

ఇప్పుడు మీటర్ సంగతి. ఒకే పండు అందరిలో ఒకేలా పనిచేయదు. మీ ఒంటికి ఏది పడుతుందో మీ గ్లూకోమీటరే చెబుతుంది. పండు తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూడండి. అదే పండు, అదే కొలత, ఇంకో రోజు మళ్లీ. తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండటం చాలామందికి లక్ష్యం. డెబ్భై అయిదు దాటినవాళ్లకు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు కాస్త సడలించి చెబుతారు, వారి మాటే మీకు లక్ష్యం.

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. బత్తాయి ఒలిచి, మామిడి కోసి, ఆ చేత్తోనే వేలు గుచ్చి చూస్తే అంకె తప్పు వస్తుంది. వేలికి అంటుకున్న రసంలో చక్కెర ఉంటుంది, రక్తపు చుక్కలో కలుస్తుంది. జపాన్‌లో దీన్ని పరీక్షించి చూశారు, పండు ఒలిచిన చేత్తో చూస్తే ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ చూపించింది, స్పిరిట్ దూదితో తుడిచినా సరిగ్గా రాలేదు. కుళాయి కింద కడుక్కుంటేనే అసలు అంకె వచ్చింది. ఆ తప్పుడు అంకె చూసి కంగారుపడి ఇన్సులిన్ ఎక్కువ వేసుకున్నారనుకోండి, ప్రాణం మీదకు వస్తుంది. కాబట్టి సబ్బుతో చేతులు కడిగి, పొడిగా తుడుచుకుని, అప్పుడు చూడండి.

ఏకాదశులు, శివరాత్రి, శనివారం ఉపవాసాలు. అన్నం మాని ఫలహారమంటూ రోజంతా పళ్లే తినేవాళ్లున్నారు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుంటూ ఇలా చేస్తే ప్రమాదం. తిన్న గంటకు షుగర్ పైకి వెళ్తుంది, మాత్ర ప్రభావంతో తర్వాత బాగా కిందికి దిగుతుంది. ఉపవాసం ఉండాలనుకుంటే నాలుగు రోజుల ముందే డాక్టరుతో మాట్లాడి, ఆ రోజు మాత్ర ఎంత, ఎప్పుడు అని రాయించుకోండి. పళ్లతో పాటు మజ్జిగ, పెరుగు, పల్లీలు పెట్టుకోండి. దేవుడు కాదనడు.

షుగర్ పడిపోయినప్పుడు మాత్రం నా ఈ నియమాలన్నీ పక్కన పెట్టేయాలి. చెమటలు, వణుకు, గుండె దడ, మీటర్లో 70 కంటే తక్కువ. అప్పుడు వేగంగా ఎక్కేది కావాలి. 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. అందుబాటులో లేకపోతే అర గ్లాసు పళ్లరసం, చక్కెర నీళ్లు పనిచేస్తాయి. కానీ ఇంటికెళ్లాక మీ మాత్రల అట్ట మీద సన్న అక్షరాల్లో వోగ్లిబోస్ అనో, అకార్బోజ్ అనో ఉందేమో చూడండి. ఒకే మాత్రలో మూడు మందులు కలిపి ఇచ్చేవాటిలో తరచుగా ఉంటుంది. ఈ మందు మామూలు చక్కెర పేగులో విడిపోకుండా ఆలస్యం చేస్తుంది. అంటే పంచదార తిన్నా వెంటనే ఎక్కదు. అలాంటివాళ్లు గ్లూకోజ్ పొడి పొట్లం కట్టి జేబులో, సంచిలో పెట్టుకోవాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి.

చివరిగా కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు. ఇందాకటి నుంచి నేను చెప్పిన పళ్ల వరస మీకు వర్తించదు. మీకు చక్కెరతో పాటు పొటాషియం కూడా లెక్కే. అరటి, బత్తాయి, ఖర్జూరం, కొబ్బరినీళ్లు, అంతగా పొగిడానే, ఆ జామకాయ కూడా పొటాషియం ఎక్కువున్నవే. ఆపిల్, అనాస తక్కువున్నవి. స్టార్ ఫ్రూట్ అని కొత్తగా దొరుకుతోంది, నక్షత్రంలా ఉంటుంది, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు దాన్ని ముట్టుకోనే కూడదు, మెదడు మీద ప్రభావం చూపిస్తుంది. మీలో రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు తెలిపే అంకె, ఎక్కువ ఉందని చెప్పించుకున్నవాళ్లు రిపోర్టు తెచ్చి ఉంటే సభ అయ్యాక నా దగ్గరికి రండి, ఒక్కొక్కరిదీ చూసి ఏ పండు ఎంతో రాసిస్తాను.

మామిడి ముక్కల గిన్నె వెనక వరస దాకా వెళ్లిందా? సరే. మైకు అటు ఇవ్వండి, కిటికీ దగ్గర కూర్చున్న పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నారు. అడగండి బాబాయ్ గారూ.